గాడిలోని గానం

కోనసీమలో మండువా లోగిళ్లు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. ఐనవిల్లి, ముక్తేశ్వరం, అమలాపురం పరిసరాలలోని అటువంటి ఇళ్ల అటకలమీద తాళపత్రాల కట్టలు, ఇత్తడి గంగాళాలతోపాటు గుడ్డలో చుట్టి దాచిన గ్రామఫోను రికార్డుల దొంతర ఒకటి కనిపించడం కద్దు. మన పెద్దలు వీటిని ‘ప్లేట్లు’ అనేవారు. పద్యనాటకాలనూ, హరికథలనూ, కీర్తనలనూ, సినిమా పాటలనూ ఒకప్పుడు ఇంటింటికీ మోసుకొనివచ్చినవి ఇవే. వాటిని కిందికి దించి, దుమ్ము దులిపి, మళ్లీ వినాలని కుతూహలపడే యువకులు ఈ మధ్య పెరుగుతున్నారు. పాత రికార్డు ప్లేయరును బాగుచేయించో, కొత్తది కొనో, దాని తీగలను ఇంట్లోని హోం థియేటరుకు తగిలిస్తారు. రికార్డు తిరుగుతుంది. కాని గొంతు నూతిలోనుండి వచ్చినట్లు పీలగా వినిపిస్తుంది. మృదంగం ఉన్నదో లేదో తెలియదు. ధ్వని ఎంత పెంచినా బుసబుసలు పెరుగుతాయే తప్ప పాట పెరగదు. “ప్లేటు అరిగిపోయింది” అని ఇంటిల్లిపాదీ తీర్మానిస్తారు. దొంతర మళ్లీ అటక ఎక్కుతుంది, లేదా పాత సామాన్లు కొనేవాని బండిలోకి పోతుంది.

ఆ తీర్మానం చాలాసార్లు తప్పు. గానం గాడిలో భద్రంగానే ఉంటుంది. దానిని చదవవలసిన పద్ధతిలో చదవకపోవడమే లోపం. రికార్డు ప్లేయరును ఆంప్లిఫయరుకు కలపడం రెండు తీగల పనిగా కనిపిస్తుంది గాని, ఆ రెండు తీగల నడుమ జరగవలసిన కార్యం ఒకటి ఉన్నది. అదేమిటో గ్రహిస్తే తక్కిన పనులన్నీ సులభమవుతాయి.

తాళపత్ర లేఖనాన్ని ఒకసారి స్మరించుకోవడం ఇక్కడ ఉపకరిస్తుంది. గంటంతో తాటాకుమీద రాసినప్పుడు సిరా పడదు. ఆకు పైపొర చీలి సన్నని గీత మాత్రం ఏర్పడుతుంది. అప్పుడే రాసిన ఆకును చేతిలోకి తీసుకొని చూస్తే ఏమీ రాసినట్లే ఉండదు. దీపపు మసినో, ఆకుపసరునో దానిపై పూసి తుడిచినప్పుడు, ఆ నలుపు గీతలలో నిలిచి అక్షరాలు బయటపడతాయి. మసి పూయని తాటాకును చూసి ‘ఇందులో గ్రంథమే లేదు’ అనేవాడు ఎంత పొరపడతాడో, పైన చెప్పిన ఇంటివారూ అంతే పొరపడుతున్నారు. రికార్డుమీద తిరిగే సూదిని ఆంగ్లంలో ‘స్టైలస్’ అంటారు. మైనపు పలకలమీద రాసే గంటానికి లాటిన్ భాషలో ఉన్న పేరే అది. ఐనవిల్లి విఘ్నేశ్వరాలయంలో పరీక్షలకు ముందు స్వామి సన్నిధిని పూజించిన కలాలను విద్యార్థులకు పంచే ఆనవాయితీ మీలో చాలామందికి తెలుసు. గంటం, కలం, సూది ఒక కుటుంబానికి చెందిన పనిముట్లు. మొదటి రెండూ రాస్తాయి. ప్లేయరులోని సూది, రాసినదానిని చదువుతుంది.

థామస్ ఆల్వా ఎడిసన్ 1877లో శబ్దాన్ని గొట్టం వంటి స్తంభాకృతిమీద ముద్రించాడు. 1887లో ఎమిల్ బెర్లినర్ దానిని చదునైన పళ్లెంగా మార్చాడు. మన దేశానికి ఈ విద్య 1902లో వచ్చింది. గ్రామఫోను కంపెనీ పంపగా వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ గానాన్ని ముద్రించాడు. ఆ మూలఫలకాలను జర్మనీలోని హానోవర్‌కు పంపి, అక్కడ రికార్డులు అచ్చువేయించి తెప్పించేవారు. 1908లో కలకత్తాలోనే కర్మాగారం వెలసింది. గౌహర్ జాన్ తన రికార్డులలో పాట చివర తన పేరు తానే చెప్పుకొనేది. మన పదకర్తలు చరణాంతంలో ముద్ర వేసుకొన్నట్లే ఇదీ ఒక ముద్ర. కాకపోతే ఇది హానోవర్‌లోని పనివారు ఏ ఫలకం ఎవరిదో గుర్తుపట్టడానికి ఏర్పడిన అలవాటని చెబుతారు.

తెలుగువారికి ఈ యంత్రం ముఖ్యంగా నాటకరంగం ద్వారా చేరువైంది. ఆనాటి రికార్డు నిమిషానికి 78 సార్లు తిరిగేది. పది అంగుళాల పళ్లెంలో ఒక్కొక్క వైపున సుమారు మూడు నిమిషాలే పట్టేవి. రాగాలాపనకు అలవాటుపడిన కచేరీ విద్వాంసునికి అది ఇరుకు. నాటక పద్యానికి మాత్రం కుదిరిన కొలత. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకుల గొంతు, వారి నాటకం ఎన్నడూ ఆడని ఊళ్లకు సైతం చేరింది. నిమిషానికి ముప్పై మూడున్నొక్క మూడవ వంతు చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డు 1948లో అమెరికాలో వెలువడింది. ఒక వైపున ఇరవై నిమిషాలకు పైగా పట్టే ఆ పళ్లెం సంగీతానికి విశాలమైన చావడి అయింది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గానం చేసిన వేంకటేశ్వర సుప్రభాతం 1963లోనూ, ఘంటసాల భగవద్గీత ఆయన కన్నుమూసిన 1974లోనూ ఇట్టి రికార్డులుగానే వెలువడ్డాయి. ‘దానవీరశూరకర్ణ’ 1977లో విడుదలైన తరువాత దాని సంభాషణలు మైకుసెట్లవారి బాకాలలోనుండి పెళ్లిపందిళ్లలో, చవితి పందిళ్లలో మార్మోగాయి. కొబ్బరిచెట్టుకు కట్టిన బాకా, దాని కింద పందిట్లో ప్లేయరు, పక్కన రికార్డుల పెట్టె కోనసీమ పండుగలకు చిరకాలం గుర్తుగా నిలిచాయి.

ఈ పళ్లేలు దేనితో చేశారో తెలియడం అవసరం. దాని ప్రయోజనం ముందు ముందు తెలుస్తుంది. 78 చుట్ల రికార్డులో ముఖ్య ద్రవ్యం లక్క. చెట్లకొమ్మలమీద లక్కపురుగులు స్రవించే జిగురును శుద్ధిచేసి, రాతిపొడి కలిపి, నల్లరంగు చేర్చి వేడిగా అచ్చువేసేవారు. భారతంలో దుర్యోధనుడు పాండవులను దహించడానికి కట్టించిన ఇల్లు ఈ లక్కతోనిదే. వడ్రంగులు కుర్చీలకూ తలుపులకూ వేసే మెరుగు కూడా లక్కను స్పిరిటులో కరగించి చేసేదే. ఈ రికార్డు జారిపడితే పెంకులా పగులుతుంది. లాంగ్ ప్లే రికార్డు వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసినది. అది పగలదు గాని వేడికి వంకర తిరుగుతుంది.

ఇక గాడిలోనికి చూద్దాము. రికార్డుమీద కనిపించే వలయాలు అనేకం కావు. వెలుపలి అంచునుండి లోపలికి చుట్టుకొంటూ పోయే ఒకే ఒక గాడి అది. వెంట్రుకకన్న సన్నని ఆ గాడిని సాగదీస్తే, లాంగ్ ప్లే రికార్డు ఒక్క వైపున దాదాపు అర కిలోమీటరు పొడవు ఉంటుంది. గాయకుని గొంతులోని కంపనాలను అనుసరించి ఆ గాడి అటూ ఇటూ వంకలు తిరుగుతుంది. సూది ఆ వంకలలో నడిచేటప్పుడు అదే విధంగా కంపిస్తుంది. 1958 ప్రాంతంలో స్టీరియో రికార్డులు వచ్చినప్పటినుండి గాడికి రెండు గోడలూ రెండు వేర్వేరు శబ్దాలను మోయసాగాయి. ఒక గోడ ఎడమ స్పీకరుది, రెండవ గోడ కుడి స్పీకరుది.

వంకలు నేరుగా గొంతును అనుసరిస్తాయని పైన అన్నాము. నిజానికి ఒక మార్పుతో అనుసరిస్తాయి. అసలు కీలకం ఇక్కడే ఉన్నది. బొంగురు ధ్వనులు, అనగా మృదంగపు తొప్పి, తంబూరాలోని మంద్రం వంటివి, గాడిని ఎక్కువ దూరం అటూ ఇటూ ఊపుతాయి. వాటిని ఉన్నవి ఉన్నట్లు ముద్రిస్తే గాడి పక్క గాడిలోకి చొచ్చుకొనిపోతుంది. గాళ్లను దూరదూరంగా పెడితే పాట సగమే పడుతుంది. కీచు ధ్వనుల సంగతి దీనికి విరుద్ధం. వాటి కదలిక అత్యల్పం కావడంచేత, రికార్డు ఉపరితలంలోని సహజమైన బుసలో అవి మునిగిపోతాయి. అందువల్ల ముద్రించేటప్పుడే బొంగురు ధ్వనులను తగ్గించి, కీచు ధ్వనులను పెంచుతారు. సెకనుకు 1000 కంపనాలుగల ధ్వనిని ప్రమాణంగా తీసుకొంటే, 20 కంపనాల ధ్వని దాదాపు పదవ వంతుకు తగ్గుతుంది. 100 కంపనాల వద్ద తగ్గుదల సుమారు నాలుగున్నర రెట్లు. 20,000 కంపనాల వద్ద దాదాపు పది రెట్లు పెంపు. వినేటప్పుడు దీనిని సరిగ్గా తలకిందులు చేయాలి. తగ్గించినదానిని అంతే పెంచాలి, పెంచినదానిని అంతే తగ్గించాలి. అలా తగ్గించినప్పుడు ఉపరితలపు బుస కూడా దానితోపాటు తగ్గిపోతుంది. ఎంత చమత్కారమైన ఉపాయమో గమనించండి!

తొలిరోజులలో ఒక్కొక్క కంపెనీ ఈ హెచ్చుతగ్గులను ఒక్కొక్క లెక్కలో చేసేది. 1954లో అమెరికాలోని రికార్డు పరిశ్రమ సంఘం ఒకే కొలతను నిర్ణయించింది. సంఘం పేరులోని తొలి అక్షరాలనుబట్టి దానిని ఆర్.ఐ.ఏ.ఏ. కొలత అంటారు. క్రమంగా లోకమంతా దానినే అనుసరించింది. ఈ కొలత ప్రకారం ధ్వనిని దిద్ది, బలహీనమైన సంకేతాన్ని బలపరచే విద్యుత్ భాగానికే ‘ఫోనో’ అని పేరు. తాటాకుమీద మసి పూసే చేయి అది.

కోనసీమలోని శంకరగుప్తంలో 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ మూడు స్థాయిలలోనూ అవలీలగా సంచరించే గాత్రానికి ప్రసిద్ధులు. ఫోనో భాగం లేకుండా ఆయన రికార్డు వింటే తారస్థాయి అరుపులా, మంద్రస్థాయి గుసగుసలా వినిపిస్తుంది. అది వారి గాత్రదోషం కాదు, రికార్డు దోషమూ కాదు.

సూది కదలికను విద్యుత్తుగా మార్చే చిన్న పెట్టెను కార్ట్రిడ్జ్ అంటారు. ఇవి ముఖ్యంగా రెండు తెగలు. మొదటిది అయస్కాంత జాతి. సూదికి అతికిన సూక్ష్మమైన అయస్కాంతం తీగచుట్టల నడుమ కదిలి విద్యుత్తును పుట్టిస్తుంది. అది పుట్టించేది మూడు మొదలు ఐదు మిల్లీవోల్టులు మాత్రమే. సీడీ ప్లేయరునుండి వచ్చే సంకేతం రెండు వోల్టులు, అంటే రెండువేల మిల్లీవోల్టులు. రెండింటికీ నడుమ సుమారు ఐదువందల రెట్లు తేడా ఉన్నది. సీడీకోసం ఉద్దేశించిన ద్వారంలోకి ఈ సంకేతాన్ని పంపితే నూతిలో గొంతు కాక మరేమి వినిపిస్తుంది? రెండవది సిరామిక్ జాతి. ఇందులో ఒక పింగాణీ పలుకు సూదితోపాటు వంగి, కొన్ని వందల మిల్లీవోల్టులను ఇస్తుంది. దాని స్వభావంచేతనే పైన చెప్పిన దిద్దుబాటు కూడా చాలావరకు తనంతట తాను జరిగిపోతుంది. సూట్‌కేసు ఆకారంలో, స్పీకరు తనలోనే ఉండే పాత ప్లేయర్లలో ఉండేది ఎక్కువగా ఈ జాతే. సూది పక్కనున్న చిన్న మీటను తిప్పితే 78కి ఒక మొన, లాంగ్ ప్లేకి మరొక మొన వచ్చే ఏర్పాటు ఉంటే, అది సిరామిక్ జాతికి చెందినదని దాదాపుగా నిర్ణయించవచ్చు.

ఇంకా పాత ప్లేయర్లలో స్ఫటిక జాతి కార్ట్రిడ్జ్ ఉంటుంది. అందులోని స్ఫటికం ఒక విధమైన లవణం. తేమ తగిలితే చెడిపోతుంది. గోదావరి పాయలు, కాలువలు, చెరువులు, సముద్రం చుట్టిన మన సీమలో గాలి ఎంత చెమ్మగా ఉంటుందో చెప్పనక్కరలేదు. అటకమీద యాభై సంవత్సరాలు గడిపిన స్ఫటికం ఇప్పుడు పలకకపోతే ఆశ్చర్యం లేదు. అటువంటిదానిని తీసివేసి సిరామిక్‌ను అమర్చడమే ఉపాయం. వెనుకటి వాల్వు రేడియోలలో కొన్నింటి వెనుక ‘పికప్’ అనే రెండు రంధ్రాలు ఉండేవి. గ్రామఫోను తీగలను వాటిలో గుచ్చి రేడియో స్పీకరులోనే పాట వినేవారు. మన ఇళ్లలో ‘కలపడం’ అనే పని అలా మొదలైంది. కాని ఆ రేడియోలలో కొన్నింటి లోహపు చట్రానికే కరెంటు ప్రవహిస్తూ ఉంటుంది. తెలిసిన మెకానిక్ పరీక్షించనిదే వాటిని ముట్టరాదు.

ఇక అనుసంధానం. ఆంప్లిఫయరు వెనుకవైపు చూడండి. జంటజంటలుగా గుండ్రని సాకెట్లు ఉండి, వాటిపై ట్యూనర్, టేప్, సీడీ, ఆక్స్ అనే పేర్లు ఆంగ్లాక్షరాలలో కనిపిస్తాయి. 1970లు, 80లలో తయారైన ఆంప్లిఫయర్లలో చాలావాటికి ఫోనో అనే జంట కూడా ఉంటుంది. మీ ప్లేయరులో అయస్కాంత జాతి కార్ట్రిడ్జ్ ఉంటే ఆ జంటలోనే తీగలు గుచ్చాలి. ఎరుపు తల కుడివైపుది, తెలుపు లేదా నలుపు తల ఎడమవైపుది. సిరామిక్ అయితే ఫోనోలో గుచ్చరాదు. బలమైన సంకేతం మరీ బలపడి, దిద్దినదానిని మళ్లీ దిద్దినట్లయి, బొబ్బరింతగా వినిపిస్తుంది. దానిని ఆక్స్‌లో పెట్టాలి. అక్కడ కూడా మృదంగం కొంత తగ్గినట్లు తోస్తే, ఆ ద్వారం సిరామిక్‌కు తగినది కాదని అర్థం. ప్లేయరుకూ ఆంప్లిఫయరుకూ నడుమ తగిన చిన్న సర్క్యూటును మెకానిక్ అమర్చగలడు.

నేటి హోం థియేటర్లలో అధికభాగానికి ఫోనో ద్వారం లేదు. కంగారుపడనక్కరలేదు. ఫోనో ప్రీ ఆంప్లిఫయరు అనే అరచేతిలో పట్టే పెట్టె విడిగా దొరుకుతుంది. ప్లేయరు తీగలు దానిలోకి, దానినుండి మరో జంట తీగలు హోం థియేటరులోని ఆక్స్‌కు. ఇంతే. ఇటీవలి ప్లేయర్లలో కొన్నింటికి ఈ భాగం లోపలే ఉండి, వెనుక ఫోనో, లైన్ అనే రెండు స్థానాలుగల మీట ఒకటి ఉంటుంది. మీట లైన్‌లో ఉంటే ఆక్స్‌లో గుచ్చాలి, ఫోనోలో ఉంటే ఫోనోలో గుచ్చాలి. ప్లేయరులోనూ బయటా రెండు చోట్లా ఈ దిద్దుబాటు జరిగితే పాట పాడైపోతుంది. బ్లూటూత్ ద్వారా పంపేవి కూడా వచ్చాయి. తీగల బెడద లేదన్న సుఖం తప్ప వాటి విషయంలో నేను అదనంగా చెప్పదగినది లేదు.

స్పీకరు తీగలలో ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు కలిసిందో లేదో చూసుకోవాలి. ఒకదానిలో తారుమారైతే రెండు స్పీకర్లూ ఒకదాని బొంగురును మరొకటి హరిస్తాయి.

అన్నీ సరిగానే ఉన్నా తుమ్మెద రొద వంటి గుయ్యిమనే మోత వినిపించవచ్చు. మన విద్యుత్తు సెకనుకు 50 సార్లు కంపిస్తుంది. ఆ కంపనం మూడు మిల్లీవోల్టుల బలహీన సంకేతంలో చొరబడుతున్నదన్నమాట. ప్లేయరునుండి సన్నని తీగ ఒకటి విడిగా వస్తుంది. దాని కొనన చీలిన లోహపు ముక్క ఉంటుంది. చాలామంది దానిని అనవసరమని చుట్టి పక్కన పడేస్తారు. దానిని ఆంప్లిఫయరు లేక ఫోనో పెట్టె వెనుక ‘జి.ఎన్.డి.’ అనే మూడు అక్షరాలున్న మరకు బిగిస్తే మోత చాలావరకు అణగుతుంది. అప్పటికీ పోకపోతే ప్లేయరును ఆంప్లిఫయరునుండి దూరంగా జరపాలి. ఒక్క హెచ్చరిక. మోత పోతుందని చెప్పి గోడప్లగ్గులోని ఎర్తు పిన్నును తీసివేయడం ప్రాణాంతకం. పాత ప్లేయరు మెయిన్ తీగమీది రబ్బరు పగిలి ఉంటే, మార్పించేవరకు దానికి కరెంటు ఇవ్వరాదు.

సూదిమీద ఎంత బరువు మోపాలన్నది తరువాతి ప్రశ్న. ఆధునిక అయస్కాంత కార్ట్రిడ్జ్‌లకు ఒకటిన్నర మొదలు రెండున్నర గ్రాములు చాలు. రెండు గ్రాములంటే కంసాలి తూచే గురువింద గింజలలో సుమారు పదహారు. సూది కట్టిన పొడవైన చేతికి వెనుక భాగంలో తిరిగే దిమ్మ ఒకటి ఉంటుంది. చేయి తక్కెడ దండెలా అటూ ఇటూ వాలక గాలిలో నిలిచేదాకా దానిని తిప్పాలి. అప్పుడు అంకెల చట్రాన్ని సున్న దగ్గర పెట్టి, కార్ట్రిడ్జ్ తయారుచేసినవారు చెప్పిన అంకె వచ్చేదాకా దిమ్మను ముందుకు తిప్పాలి. బరువు ఎక్కువైతే గాడి అరుగుతుందని అందరికీ తెలుసు. మరీ తక్కువైనా ముప్పే. సూది గాడిలో కుదురుగా నిలవక ఎగిరెగిరి పడుతూ గోడలను చెక్కుతుంది. అలంకారప్రాయంగా ఇప్పుడు అమ్మే చౌక సూట్‌కేసు ప్లేయర్లలో ఈ సవరణకు అవకాశమే ఉండదు. వాటిమీద అపురూపమైన రికార్డును పెట్టవద్దని నా సలహా. కీ ఇచ్చి తిప్పే పాత గ్రామఫోను సంగతి చెప్పనే అక్కరలేదు. అందులో ఉక్కు ముల్లుమీద వంద గ్రాములకు పైబడిన బరువు ఉంటుంది. లక్క రికార్డు దానిని సహించింది. అదీ ఒక్కొక్క వైపుకు ఒక కొత్త ముల్లు మార్చేవారు కనుక. లాంగ్ ప్లే రికార్డును దానిమీద ఒక్కసారి తిప్పితే చాలు, అది ఇక పనికిరాదు.

సూది మొన విషయంలోనూ ఇట్టి భేదం ఉన్నది. 78 రికార్డు గాడి వెడల్పు. దానికి మొన సుమారు 75 మైక్రానుల గుండ్రదనంతో ఉండాలి. లాంగ్ ప్లే గాడికి పాతికో, అంతకు తక్కువో సరిపోతుంది. చిన్న మొనను పెద్ద గాడిలో దింపితే అది అడుగునున్న దుమ్ములో పొర్లుతూ కరకరలను వినిపిస్తుంది. పెద్ద మొనను చిన్న గాడిలో దింపితే నాగలి పడ్డట్లే. కనుక రెండు విధాల రికార్డులూ ఉన్నవారు రెండు సూదులు ఉంచుకోవాలి. 78లను వినేటప్పుడు ఆంప్లిఫయరులో ‘మోనో’ మీట ఉంటే నొక్కండి. ఆ రికార్డులలో రెండు గోడలదీ ఒకే మాట కనుక, రెండింటినీ కలిపితే పాట నిలిచి, సూది పైకీ కిందికీ ఊగడంవల్ల పుట్టే చప్పుడు పోతుంది. వాటిలో చాలావి ఆర్.ఐ.ఏ.ఏ. కొలతకు ముందువి కావడంచేత, బాస్, ట్రెబుల్ మీటలను చెవికి ఇంపయ్యేటట్లు కొంచెం సవరించుకోవడం తప్పుకాదు.

అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి పాత ప్లేయరు ఒకటి పంపడం మన పల్లెలలో వింత కాదు. అందులో రెండు చిక్కులున్నాయి. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, ఇక్కడిది 230. నేరుగా తగిలిస్తే మాడిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు పెట్టినంత మాత్రాన సరిపోదు. అక్కడి విద్యుత్తు సెకనుకు 60 కంపనాలు, ఇక్కడ 50. ఆ కంపనాలతోనే వేగాన్ని నిర్ణయించుకొనే మోటారు ఇక్కడ ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. ఐదున్నర శ్రుతిలో పాడిన గాయని నాలుగు శ్రుతికి దిగిపోతుంది, పాట సాగిలబడుతుంది. వినేవారు రికార్డునో గాయనినో నిందిస్తారు. ప్లేయరు అడుగున అతికించిన పట్టీమీద ‘50/60’ అని ఉన్నదో లేదో ముందే చూడాలి. లేకపోతే మోటారు కప్పీని మార్పించాలి. స్ఫటికపు గడియారం ఆధారంగా తిరిగే ప్లేయర్లకు, డి.సి. మోటారు గలవాటికి ఈ వేగపు చిక్కు లేదు.

ప్లేయరును స్పీకరు మీద పెట్టరాదు. స్పీకరు అదురు సూదికి తగిలి, సూది అదురు మళ్లీ స్పీకరుకు చేరి ఊళ పుడుతుంది. చెక్క మేడపై, నడిస్తే ఊగే నేలపై కన్న, పాత ఇళ్లలో గోడలోనే కట్టిన లోతైన గూడు శ్రేష్ఠం. అడుగుల చప్పుడు దానిని చేరదు. చదును సరిగా ఉన్నదో లేదో, తాపీమేస్త్రి వాడే మట్టపుచెక్కతో పళ్లెంమీద చూడవచ్చు.

మన గాలిలోని తేమకు రికార్డులమీద తెల్లని బూజు చుక్కలుగా పుడుతుంది. గాడిలోని బూజు చిటపటలుగా వినిపిస్తుంది. వినైల్ రికార్డును డిస్టిల్డ్ వాటరులో గిన్నెల సబ్బు ఒక్క చుక్క కలిపి, మెత్తని గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడిచి, తిరిగి మంచినీటితో కాక డిస్టిల్డ్ వాటరుతోనే కడిగి నీడలో ఆరబెట్టాలి. మధ్యనున్న కాగితపు బిళ్ల తడవరాదు. 78 రికార్డుకు మాత్రం స్పిరిటు సోకరాదు. వడ్రంగి స్పిరిటులో కరగించేది లక్కనేనని పైన చెప్పుకొన్నాము కదా! మెరుపుకోసం నూనె రాయడం మరొక దురభ్యాసం. కోనసీమలో కొబ్బరినూనె అంటని వస్తువు అరుదే గాని, రికార్డును ఆ అరుదైనవాటిలోనే చేర్చండి. రికార్డులను దొంతరగా పేర్చక, పుస్తకాలవలె నిలువుగా, ఎండ తగలని చోట ఉంచాలి.

తొలిసారి సూది దింపేటప్పుడు పోయినా పరవాలేదనుకొనే రికార్డును ఎన్నుకోవాలి. తాతగారి హరికథతో ప్రయోగం చేయకూడదు. సూది దించేటప్పుడూ ఎత్తేటప్పుడూ ధ్వని మీట సున్నలో ఉండాలి. లేకపోతే ఆ తాకుడు స్పీకరుకు దెబ్బ. అంతా కుదిరిందని తేలిన తరువాత, మరెక్కడా దొరకదనిపించే రికార్డును తీసి, ఆంప్లిఫయరు వెనుకనున్న ‘టేప్ అవుట్’ ద్వారం నుండి కంప్యూటరుకు తీగ పెట్టి, మొదటిసారి వింటూనే నకలు తీసుకోవాలి. విన్న ప్రతిసారీ గాడి ఎంతో కొంత అరుగుతుంది. నకలుకు పేరు పెట్టేటప్పుడు మధ్య బిళ్లమీది గాయకుని పేరు, కంపెనీ పేరు, సంఖ్య తప్పక రాయాలి. బిళ్ల చిరిగి ఉంటే దాని చుట్టూ నున్నని భాగంలో చెక్కిన అంకెలను, దీపాన్ని వాలుగా పట్టి చదవవచ్చు. ఆ తరువాత రికార్డును రెండవ వైపుకు తిప్పండి.